పగుమె ఆరు

మైకు పట్టుకున్నప్పుడు తెవాబెచ్ కిటికీ బయటికి చూడదు. బస్సులో కూర్చున్నవాళ్ల మొహాలే చూస్తుంది. వచ్చినవాళ్లకు అడిస్ అబాబాను పరిచయం చేయడం ఇరవై రెండేళ్లుగా ఆమె వృత్తి. ఏ మలుపు తర్వాత ఏ కట్టడం వస్తుందో బస్సు కుదుపును బట్టే చెప్పగలదు. ఈ వానాకాలంలో మాత్రం ఆ అలవాటు ఆమెను మూడుసార్లు నవ్వులపాలు చేసింది. "మీ ఎడమ పక్కన పాత పుస్తకాల బజారు" అని చెయ్యి చాపింది. ఎడమ పక్కన ఆకుపచ్చ రేకుల కంచె ఉంది. కంచె మీద రాబోయే ఉద్యానవనం బొమ్మ ఉంది. బొమ్మలో చెట్ల కింద షికారు చేస్తున్నవాళ్లలో ఒక్కరూ ఆ బజారులో బేరమాడిన మనుషుల్లా లేరు.

పగుమె ఒకటో తేదీ, శుక్రవారం ఉదయం బస్సులో పద్నాలుగు మంది ఉన్నారు. విదేశాల నుంచి వచ్చిన, నగరాలకు నమూనాలు గీసే పరంగి నిపుణులు. పాత పేటలను తీసేసి కొత్తవి కట్టే పథకం ఆఫీసు తరఫున నహోమ్ అనే ఉద్యోగి వాళ్లకు తోడు వచ్చాడు. ముప్ఫై నిండని మనిషి, నలగని చొక్కా, ఒళ్లో ట్యాబు.

"మా సంవత్సరానికి పదమూడు నెలలు," అంది తెవాబెచ్ వాళ్ల భాషలో. "పన్నెండింటికి ముప్ఫయ్యేసి రోజులు. మిగిలిన రోజులను పదమూడో నెలలో పోస్తాం. అదే పగుమె, ఇవాళే మొదలైంది. దానికి ఐదే రోజులు. మా ఏళ్లకు సువార్తలు రాసిన నలుగురి పేర్లూ వరసగా వస్తాయి. నాలుగేళ్లకోసారి, లూకా పేరు పెట్టుకున్న సంవత్సరంలో మాత్రం ఆరు."

"ఆ నెలకు జీతం ఇస్తారా?" అని అడిగాడు బట్టతలాయన. ప్రతి బస్సులోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే.

"ఇవ్వరు. అందుకే యజమానులకు అది ముద్దుల నెల."

ఎప్పుడూ నవ్వే చోటనే నవ్వారు.

కొత్తగా లేచిన ముప్ఫై అంతస్తుల భవనం ముందు బస్సు ఆగింది. పై అంతస్తు నుంచి ఊరంతా కనిపించేలా అద్దాల వరండా కట్టారు. తెవాబెచ్ మెట్టు పక్కన నిలబడి దిగేవాళ్లను లెక్కపెడుతోంది. ఒకావిడ గొడుగు తలుపులో ఇరుక్కుంది. ఆ సందులోంచి నహోమ్ తల బయటపెట్టాడు.

"అక్కా, సెప్టెంబరు పదకొండు మన లెక్కలో ఏ రోజు?"

"తొమ్మిది, పది..." అంటూనే ఆమె వెనక్కి తిరిగి చూసింది. రెండు పంచాంగాలనూ పక్కపక్కన రాసి, ప్లాస్టిక్ తొడిగించిన అట్ట ఒకటి డ్రైవరు అద్దానికి వేలాడుతూ ఉంటుంది. ఆమె చేత్తో రాసిందే. "పగుమె ఆరు. పదకొండు, పన్నెండు... షిఫెరావ్, తలుపు వెయ్యకు, ఇంకా ఇద్దరున్నారు."

నహోమ్ ట్యాబు మీద వేలితో రాసుకున్నాడు.

"ఏంటి బాబూ, పెళ్లి ముహూర్తమా?" అన్నాడు డ్రైవరు షిఫెరావ్.

"అలాంటిదేలే."

అద్దాల వరండా కిందనే జెబెనా పేట ఉంది. కాఫీ కుండలు చేసేవాళ్లు ఒకప్పుడు కాపురమున్న పేట. తుప్పు రేకుల కప్పులు ఒకదాని మీదికొకటి ఒరిగి ఉంటాయి. వాటిలో తెవాబెచ్ పుట్టిన కప్పూ, ఇప్పటికీ ఆమె నిద్రపోయే కప్పూ ఒకటే. బట్టతలాయన అద్దం దగ్గర నిలబడి, ఆ కప్పుల మీదుగా గాలిలో అరచెయ్యి అడ్డంగా నడిపాడు, భోజనం అయ్యాక బల్ల తుడిచినట్టు. తర్వాత నహోమ్ వైపు తిరిగి తల ఊపాడు. నహోమ్ కూడా ఊపాడు.

*

శనివారం ఆమె ఇంటికి చేరేసరికి లోగిలి నిండా నవ్వులు. ఒక వాకిలి చుట్టూ తొమ్మిది ఇళ్లు, మట్టిగోడలు, ఒకే కుళాయి. గోడల మీద నెలన్నర కిందట వేసిపోయిన ఎర్ర రంగు అంకెలు. ఇప్పుడు ప్రతి తలుపు మీదా ముద్ర వేసిన కాగితం ఒకటి అంటించి ఉంది. గెబ్రెయెస్ తన తలుపు మీది కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని నాలుగోసారి చదువుతున్నాడు. ముప్ఫయ్యేళ్లు కోర్టు మెట్ల మీద కూర్చుని అర్జీలు రాసిన మనిషి. కాగితం చదివేటప్పుడు ఆయన గొంతు దానంతటదే పెద్దదవుతుంది.

"'పైన పేర్కొన్న ఇళ్లను పగుమె నెల ఆరో తేదీ నాటికి ఖాళీ చేయవలెను. ఆ రోజున స్థలము చదును చేయబడును.' వినపడిందా? పగుమె ఆరు!"

"ఆరేంటి బాబాయ్?" అంది తెవాబెచ్ చెప్పులు విప్పుతూ.

"నన్నడుగుతావేం? పరంగివాళ్లకు రోజూ పాఠం చెప్పేది నువ్వు. ఇది ఎవరి ఏడు?"

"యోహానుది."

"యోహాను ఏట పగుమె ఎన్ని?"

"ఐదు."

"ఐదుతో సరి! ఆరు రావాలంటే లూకా రావాలి. లూకా రావాలంటే మూడేళ్లు. లేని రోజు గడువు పెట్టారు, ముద్ర కొట్టి మరీ పెట్టారు." ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. "ముద్ర పడ్డ కాగితాన్ని రాసింది రాసినట్టే చదవాలి. అప్పటిదాకా ఈ గోడ మీద చెయ్యి వేసినవాడిని కోర్టుకు ఈడుస్తా."

"మూడేళ్లా?" అంది అస్కాలె తన గడప మీది నుంచి. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒళ్లో చేట, చేటలో పచ్చి కాఫీ గింజలు. నల్లవీ విరిగినవీ ఏరి పారేస్తోంది. "అప్పటికి నేనే ఉండను. ఏదీ, ఎక్కడో చెప్పండి, వేలిముద్ర వేసేస్తా."

అందరూ పగలబడి నవ్వారు. తెవాబెచ్ కూడా నవ్వింది.

ఎర్ర అంకెలు పడిన రోజునే అస్కాలె తన కాఫీ కప్పులను పాత పత్రికల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దింది. ఇరవై నాలుగు కప్పులు, పిడికిట్లో ఇమిడేవి, పిడి లేనివి. తెవాబెచ్ తీసుకొచ్చే విజిటర్లందరూ ఆ కప్పుల్లోనే తాగుతారు. ఆ సాయంత్రం ఆమె పెట్టె విప్పి, కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసి, కప్పులను కొంగుతో తుడిచి మళ్లీ అలమరలో బారుగా పేర్చింది. ఖాళీ పెట్టెను చించి పొయ్యిలో పెట్టింది. ఎదుటింటివాళ్లూ మూట విప్పారు. తొమ్మిది ఇళ్లవాళ్లూ కలిసి పండగకు గొర్రెను కొందామనుకున్నారు.

*

పగుమె మూడు రఫాయేలు దేవదూత రోజు. ఆ రోజు కురిసే వాన పవిత్రమని పిల్లా పెద్దా వాకిట్లోకి వచ్చి తడుస్తారు. ఆదివారం తెల్లవారగానే వాన అందుకుంది. పిల్లలు బట్టలు విప్పి గంతులు వేస్తున్నారు. గెబ్రెయెస్ కళ్లజోడు తీసి, మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అస్కాలె చూరు కింద గిన్నెలు పెట్టింది.

"తెవా, తల తడుపుకుని వెళ్లు. ఏడాదంతా ఏ రోగం రాదు."

ఆమె తల తడుపుకునే సందు చివరికి వెళ్లింది. బస్సు ఆగి ఉంది. షిఫెరావ్ పాత గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. అడ్డం వస్తోందని అట్టను తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇంకా ఇదే వేలాడదీశావేంటక్కా? నిరుటిది కదూ. కొత్తది రాస్తా రాస్తా అని ఏడాది గడిపేశావు."

అట్ట పైన ఆమె దస్తూరీతోనే, ఎర్ర సిరాతో, 'లూకా సంవత్సరం' అని ఉంది. జుట్టు నుంచి జారిన వాన నీరు ప్లాస్టిక్ మీద పడి అంకెల మీదుగా పాకింది. కింద చివరి వరుసలో, ఒక పక్క సెప్టెంబరు పదకొండు, ఇంకో పక్క పగుమె ఆరు.

నిరుడు అది నిజం. ఈ ఏడు పగుమె ఐదుతో అయిపోతుంది కనుక పరంగివాళ్ల సెప్టెంబరు పదకొండున ఇక్కడ పగుమె ఉండదు, మెస్కెరెమ్ ఒకటి వస్తుంది. అది కొత్త సంవత్సరం పండగ.

అంటే, లేదని లోగిలి అంతా నవ్విన గడువు రోజు నిజంగానే ఉంది. దాని పేరు మాత్రమే తప్పు. బుధవారం. మధ్యలో రెండు రోజులున్నాయి. ఆ తప్పు పేరు నహోమ్‌కు చెప్పింది తన నోరే. పగుమెకు ఐదు రోజులని మైకులో చెప్పిన పది నిమిషాలకే అదే నోటితో ఆరు అంది. మొదటిది పాఠం, రెండోది అట్ట చూసి చదివింది. రెండింటిలో దేనికీ ఆమె బుర్ర పని చేయలేదు.

"ఏంటక్కా, అలా తడిసే నిలబడ్డావు? తల తుడుచుకో."

"అద్దం తుడువు," అంది ఆమె.

*

సోమవారం పథకం ఆఫీసు కొత్త సున్నం వాసన వేస్తోంది. నహోమ్ బల్ల వెనక గోడకు జెబెనా పేట పటం ఉంది. ఇళ్లున్న చోట ఆకుపచ్చ రంగు.

"రండక్కా, మీకే కబురు పెడదామనుకుంటున్నా," అన్నాడు లేచి కుర్చీ చూపిస్తూ. మర్యాదలో లోపమేమీ లేదు.

తెవాబెచ్ కూర్చోలేదు. అట్టను బల్ల మీద పెట్టి, పైన రాసిన అక్షరాల కింద వేలు పెట్టింది. "ఇది నిరుటిది. నేను చూసుకోలేదు. నీ కాగితంలో తేదీ తప్పు. ఈ ఏడు పగుమె ఆరు లేదు."

"అవును. నిన్న మా అమ్మ కూడా అదే అని నవ్వింది."

"మరి?"

"మరేముంది? యంత్రాలు కాగితం చూసి రావు కదా. కంప్యూటర్లో సెప్టెంబరు పదకొండు అనే ఉంది, ఆ రోజుకే వస్తాయి."

"అది పండగ రోజు, నహోమ్."

"మనకు. కాంట్రాక్టు వాళ్ల క్యాలెండర్లో రాశారు. వాళ్లకది మామూలు బుధవారం."

"అక్కడ ఎవరూ మూట కట్టలేదు. కట్టినవాళ్లు కూడా విప్పేశారు. మూడేళ్లు గడువుందని గొర్రెను కొంటున్నారు. తేదీ దిద్ది కొత్త కాగితం అంటించు."

నహోమ్ కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "దిద్దితే అది కొత్త నోటీసు అవుతుంది. కొత్త నోటీసుకు మళ్లీ గడువు ఇవ్వాలి. అందుకని దిద్దరు." తర్వాత గొంతు తగ్గించి, "నేను పై వాళ్లకు చెప్పాను. 'ఎవరు చెప్పారు నీకా తేదీ?' అన్నారు. మీ పేరు చెప్పలేదక్కా," అన్నాడు.

ఆ మాటను అతను ఉపకారంగానే అన్నాడు. తెవాబెచ్‌కు అది ఉచ్చు బిగిసిన చప్పుడులా వినిపించింది.

అతను సొరుగులోంచి రెండు పేజీల కాగితం తీశాడు. "నగరాల మీద సమావేశానికి వచ్చిన పరంగివాళ్లు పంతొమ్మిది మంది బుధవారం మీ బస్సులో ఉంటారు. పండగ కదా, ఊరు చూస్తామన్నారు. మధ్యాహ్నం అద్దాల వరండా. అక్కడ మాత్రం ఇది ఉన్నది ఉన్నట్టు చదవాలి. పై నుంచి వచ్చింది."

ఆమె నిలబడే చదివింది. 'ఈ స్థలంలో పూర్వం కొన్ని శిథిలమైన ఇళ్లు ఉండేవి. అక్కడివారు సంతోషంగా కొత్త నివాసాలకు తరలివెళ్లారు. పూర్వం అక్కడ ఒక కుళాయి ఉండేది...'

"కుళాయి సంగతి ఎవరు రాశారు?"

"నేనే. కాస్త మనసుకు తగిలేలా ఉంటుందని."

"పొద్దున ఆ కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను," అంది తెవాబెచ్.

నహోమ్ కిటికీ వైపు చూశాడు. ఆమె ఆ కాగితాన్ని అట్టకు జతచేసి సంచిలో పెట్టుకుంది.

*

మంగళవారం పగుమె ఐదు, ఏడాదికి చివరి రోజు. గొర్రెను కుళాయి గొట్టానికి కట్టేశారు. ఆడవాళ్లు ఉల్లిపాయలు తరుగుతున్నారు, లోగిలి అంతా ఘాటు. తెవాబెచ్ వాకిలి మధ్యలో నిలబడి జరిగింది చెప్పింది. రెండు క్యాలెండర్లనూ, లూకానూ, తన అట్టనూ, నహోమ్ మాటలనూ దాచకుండా, ఒక క్రమంలో చెప్పింది. రేపు పొద్దున యంత్రాలు వస్తాయని చెప్పింది.

గెబ్రెయెస్ జేబులోంచి కాగితం తీశాడు.

"ఇందులో మెస్కెరెమ్ ఒకటి అని ఉందా?"

"లేదు బాబాయ్. నా తప్పు వల్ల..."

"ఉందా, లేదా?"

"లేదు."

"అయితే నువ్వు చెప్పేది పుకారు, ఇది పత్రం. కొత్త ఏడాది పొద్దున ఇల్లు కూల్చిన ప్రభుత్వం నేను పుట్టాక లేదు. రాజుగారి కాలంలో లేదు, ఆ తర్వాతి సైనికుల కాలంలో లేదు."

"పరంగివాళ్లతో తిరిగీ తిరిగీ తెవాకు వాళ్ల రోజులే వస్తున్నాయి," అంది ఉల్లిపాయలు తరిగే ఆడమనిషి. "పండగ పూట అపశకునం మాటలెందుకే?"

చివరి రెండు ఇళ్లవాళ్లు మాత్రం ఒకరినొకరు చూసుకుని లోపలికి వెళ్లారు. కాసేపటికి లోపల మంచం విప్పుతున్న చప్పుడు వినిపించింది. మిగతావాళ్లు గొర్రె వయసు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అస్కాలె అంతసేపూ గింజలు ఏరుతూనే ఉంది. తెవాబెచ్ వెళ్లి ఆమె గడప కింద కూర్చుంది.

"నన్ను తిట్టు పెద్దమ్మా."

"తిడితే గోడ నిలబడుతుందా?" అస్కాలె ఒక నల్లగింజను గోటితో ఎగరగొట్టింది. "ఎర్ర అంకె వేసినప్పుడే ఈ ఇల్లు పోయింది. అది నీ నోరు చేసింది కాదు. కానీ వాళ్లు మూట విప్పింది నీ నోటి వల్ల. నేను కప్పులు విప్పింది నీ నోటి వల్ల."

"అవును."

"రేపు ఎంతమందిని తిప్పుతున్నావు?"

"పంతొమ్మిది."

అస్కాలె చేటను ఒకసారి చెరిగింది. పొట్టు ఎగిరి ఇద్దరి మీదా పడింది. "పరంగివాళ్ల ఎదుట ఆ ఆఫీసువాళ్లు గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. మూడు కాపులు, అదే పొడితో మూడుసార్లు, కాఫీ కాయడానికి నాకు ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు కదా."

"గంటన్నర."

"నిదానంగా కాస్తే?"

తెవాబెచ్ ఆమె మొహంలోకి చూసింది. అస్కాలె గింజల్లోంచి కళ్లెత్తలేదు.

"రోజును నువ్వే తెచ్చావు. కాసేపు ఆపవలసిందీ నువ్వే."

*

కొత్త సంవత్సరం పొద్దున వాన తెరిపిచ్చింది. గడ్డి, పసుపు పూలు అమ్మేవాళ్లు దారికి రెండు పక్కలా కూర్చున్నారు. తెల్ల బట్టలు కట్టుకున్న ఆడపిల్లలు గుంపులుగా పాడుతూ, పూల కట్టలతో ఇంటింటికీ తిరుగుతున్నారు. షిఫెరావ్ బస్సు ముందు కూడా ఒక కట్ట కట్టాడు.

పెద్ద చర్చి దాటాక తెవాబెచ్ మైకు పక్కన పెట్టి వంగింది. "ఇక్కడ ఎడమకు."

"హోటల్లో కదా ఇవాళ కాఫీ?"

"ఎడమకు షిఫెరావ్."

"ఆ సందులో రెండు పొక్లెయిన్లు ఆగి ఉన్నాయక్కా. పొద్దున చూశాను." అతను అద్దంలో ఆమె మొహం చూసి గేరు మార్చాడు. "నన్నడిగితే దారి తప్పానని చెబుతా. పాతికేళ్లలో ఒక్కసారి తప్పకూడదా?"

సందు మొగలో రెండు యంత్రాలు ఇంజన్లు ఆపి ఉన్నాయి. వాటి పసుపూ పూల పసుపూ ఒకటే. ఒక ఆడపిల్ల మొదటి యంత్రం మెట్టెక్కి, తాను రంగులేసిన పువ్వు బొమ్మను దాని డ్రైవరుకు ఇచ్చింది. పండగ నాడు ఎవరికైనా ఇచ్చినట్టే ఇచ్చింది. అతను దాన్ని అద్దం అంచున దోపుకుని, ఎటు చూడాలో తెలియక తన చేతులకేసి చూసుకున్నాడు. నహోమ్ చేతిలో జాబితాతో లోగిలి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అతని ముందు గెబ్రెయెస్, కాగితాన్ని రెండు చేతులా చాచి పట్టుకుని ఉన్నాడు.

ఆ ఇద్దరి మధ్యలోంచి పంతొమ్మిది మంది పరంగులు వంగి వంగి దణ్ణాలు పెట్టుకుంటూ లోపలికి నడిచారు.

"అక్కా!" అన్నాడు నహోమ్ పళ్ల మధ్య నుంచి. "ఏంటిది? వీళ్ల ముందు నేనెలా మొదలుపెట్టను?"

"మొదలుపెట్టకు. కాఫీ తాగుతారు, వెళ్లిపోతాం."

"ఎంతసేపు?"

"పండగ పూట కాఫీ. నీకు తెలియనిదా?"

అస్కాలె ఒంటిగదిలో నేలంతా పచ్చగడ్డి పరిచి ఉంది. గోడకానించిన మంచం, ఇనప్పెట్టె, దేవదూత పటం, అలమర, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. జనం మంచం మీదా పెట్టె మీదా పీటల మీదా సర్దుకున్నారు. చోటు చాలనివాళ్లు గడపలో ఇరుక్కున్నారు. ఆమె బొగ్గుల మీద సాంబ్రాణి వేసి, పెనం మీద గింజలు వేయించడం మొదలుపెట్టింది. పెనాన్ని తిప్పే తీరులో తొందర ఎక్కడా లేదు. గింజలు చిటచిటమన్నాక పెనం అందరి దగ్గరికీ తిప్పి పొగ చూపించింది. రోట్లో వేసి దంచింది. మట్టి జెబెనాలో నీళ్లు పోసి, పొడి వేసి, బొగ్గులు ఆరిపోయాయని మళ్లీ విసిరింది. బొగ్గుల మీద నీళ్లు చల్లింది ఆమే.

"బాబూ," అంది బయటికి కేకవేసి. "జాబితా పట్టుకున్న బాబూ! కొత్త ఏడాది పూట గుమ్మంలో నిలబడతావా? మీ అమ్మ నేర్పింది ఇదేనా? లోపలికి రా."

విజిటర్లందరూ అతని వైపు చిరునవ్వుతో తిరిగారు. నహోమ్ చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

మొదటి కాపు పొంగేవేళకు బయట గెబ్రెయెస్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన తలుపును బందుల నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. అంతే, లోగిలి కదిలింది. ముందు గొర్రె వెళ్లింది, తర్వాత పరుపులు, ఉల్లిపాయల గిన్నె, కుట్టుమిషను, కప్పు రేకులు. ఎవరూ అరవలేదు. ఆడవాళ్లు తెల్ల పండగ బట్టలతోనే బీరువాలు మోశారు. చివరి రెండు ఇళ్లవాళ్లు ముందే సర్దుకుని ఉన్నారు కనుక మిగతావాళ్లకు చేతులు అందించారు.

"వాళ్లేం చేస్తున్నారు?" గడపలో కూర్చున్న నెరిసిన జుట్టావిడ అడిగింది. ఆమె ఒళ్లో నోటుబుక్కు ఉంది, చెప్పిందల్లా రాసుకుంటోంది. "కొత్త సంవత్సరం నాడు సామాను బయట పెట్టడం మీ ఆచారమా?"

తెవాబెచ్ పేలాల గిన్నె ఆమెకు అందించింది. "అవునండి. ఈ ఏడే మొదలైంది."

రెండో కాపు అయ్యాక నహోమ్ లేవబోయాడు. అస్కాలె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "మూడోది తాగకుండా లేస్తావా? అది బెరెకా నాయనా, దీవెన. తాగకుండా లేచినవాడు దీవెనను కాదని పోయినట్టు." నహోమ్ మళ్లీ కూర్చున్నాడు. అతను గోడ వైపే చూస్తున్నాడు, బయటి చప్పుళ్లకు ఒక్కసారీ తల తిప్పలేదు. మూడో కప్పును రెండు చేతులా అందుకున్నాడు.

అప్పుడు తెవాబెచ్‌కు తట్టింది. ఎనిమిది ఇళ్లు ఖాళీ అయ్యాయి. తన ఇంటి సామాను కూడా ఎవరో బయట పెట్టారు. ఈ ఒక్క గదిలోంచి మాత్రం ఒక్క వస్తువు కదల్లేదు. మంచం మీద ఐదుగురు కూర్చున్నారు, ఇనప్పెట్టె మీద ముగ్గురు. నిన్న గింజలు ఏరుతున్నప్పుడే పెద్దమ్మకు ఈ సంగతి తెలుసు.

"పెద్దమ్మా, నీ సామాను..."

"కప్పులు తీసుకుపొమ్మని చెప్పు," అంది అస్కాలె. "ఒక్కొక్కరినీ. ఇక్కడ పగలడం కంటే అది నయం."

తెవాబెచ్ ఆ మాటలో మొదటి సగాన్నే వాళ్ల భాషలోకి మార్చింది. పంతొమ్మిది మందీ ఛాతీ మీద చెయ్యి వేసుకుని కృతజ్ఞతలు చెప్పారు. నిజంగానే చలించారు. అస్కాలె జెబెనాను కొంగులో చుట్టుకుని, వాళ్ల వెనకే బయటికొచ్చి, వీధిలో పడవేసి ఉన్న గెబ్రెయెస్ తలుపు మీద కూర్చుంది. బస్సు మలుపు తిరుగుతుండగా మొదటి ఇంజను రాజుకున్న చప్పుడు వినిపించింది. మైకు తెవాబెచ్ చేతిలోనే ఉంది. ఆమె దాని మీట నొక్కి ఆపేసింది.

*

మధ్యాహ్నం అద్దాల వరండా మీద ఎండ కాసింది. విజిటర్ల చేతుల్లో పిడి లేని కప్పులు ఉన్నాయి. సంచుల్లో పెట్టుకుంటే పగులుతాయని ఎవరూ లోపల పెట్టుకోలేదు. వాళ్లు అద్దానికి దగ్గరగా జరిగి, తాము కాఫీ తాగిన ఇల్లు ఎక్కడని వెతుకుతున్నారు. కింద ఎర్రటి ధూళి ఇంకా పూర్తిగా అణగలేదు. ధూళి లోపల కుళాయి గొట్టం ఒక్కటి నిలువుగా ఉంది. నహోమ్ లిఫ్టు పక్కన నిలబడ్డాడు.

తెవాబెచ్ సంచిలోంచి రెండు పేజీల కాగితం తీసింది. రెండు రోజులుగా దాన్ని చించాలనుకుంది, చించలేదు. సోమవారం నాడు అందులో ప్రతి వాక్యమూ అబద్ధం. ఇప్పుడు 'సంతోషంగా' అన్న ఒక్క మాట తప్ప దిద్దవలసింది ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చదవమన్నారు కనుక ఆ మాట కూడా వదలకుండా, స్పష్టంగా, ఏ వాక్యం దగ్గరా గొంతు మార్చకుండా చదివింది.

"'ఈ స్థలంలో పూర్వం కొన్ని శిథిలమైన ఇళ్లు ఉండేవి. అక్కడివారు సంతోషంగా కొత్త నివాసాలకు తరలివెళ్లారు. పూర్వం అక్కడ ఒక కుళాయి ఉండేది. దాని చుట్టూ తొమ్మిది కుటుంబాలు...'"

ఎవరిదో కప్పు అద్దానికి తగిలి టింగుమంది. పంతొమ్మిది మందిలో ఒక్కరూ ఆమె వైపు చూడటం లేదు. అందరూ కిందికే చూస్తున్నారు.

"పూర్వం అంటే?" అంది చివరికి నోటుబుక్కు ఆవిడ.

"కాగితంలో అంతే ఉందండి," అంది తెవాబెచ్. లిఫ్టు పక్క నుంచి నహోమ్ ఒక అడుగు ముందుకు వేశాడు. అక్కడే ఆగిపోయాడు.

ఆవిడ నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది. "ఇవాళ మీ లెక్కలో ఏ తేదీ? పైన రాసుకోవాలి."

"ఇక్కడ, ఈ వరండా మీద, మెస్కెరెమ్ ఒకటి." తెవాబెచ్ అద్దానికి వేలు ఆనించి కింది ధూళిని చూపించింది. "అక్కడ పగుమె ఆరు."

ఆవిడ కప్పును చంకలో ఇరికించుకుని, రెండు తేదీలూ రాసుకుంది.